అది పొంగు, నీళ్ళు కావు

ప్లాంటు నడతను సమీకరణాల్లో రాసి, కంప్యూటర్‌లో నడిపి చూడటం, ఇదే ముప్పై నాలుగేళ్ళు నాకు అన్నం పెట్టిన పని. రిటైరయ్యాక కుర్ర ఇంజనీర్లు అప్పుడప్పుడు ఇంటికొస్తుంటారు. "సార్, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటారు?" అని అడుగుతారు. ఆ సంగతి నాకన్నా వాళ్ళకే బాగా తెలుసు. నా దగ్గర మిగిలినవి నా తప్పులే. అవే చెబుతాను.

1. నిలకడ లెక్క సగం లెక్కే.

వచ్చింది ఇంత, పోయింది ఇంత, రెండూ సమానం. కాలేజీలో మాకు నేర్పింది ఇదే. ఆ అలవాటుతోనే ఒక పైలట్ రియాక్టర్‌కు లెక్క కట్టాను. చర్యలో పుట్టే వేడి, జాకెట్ లాగేసే వేడి పైసలతో సహా సరిపోయాయి. తీరా నడిపితే ఒకరోజు చల్లారిపోయేది, ఇంకోరోజు భగ్గుమనేది. పుట్టే వేడి ఎస్ అక్షరంలా వంపు తిరిగిన గీత, పోయే వేడి తిన్నని గీత. అవి మూడుచోట్ల కలవొచ్చని వాన్ హీర్డెన్ 1953లోనే చూపాడు. 1958లో మిన్నెసోటాలో ఆరిస్, అమండ్‌సన్ వాటిలో ఏది నిలబడుతుందో, ఏది నిలబడదో గణితంలో తేల్చారు. నేను ఎంచుకున్నది సరిగ్గా ఆ మూడింటిలో నిలబడని మధ్య బిందువు. వేలి కొసన నిలబెట్టిన కర్రకు కూడా బరువు లెక్క సరిపోతుంది, కానీ అది నిలబడదు. కాలాన్ని లెక్కలోకి తెచ్చి ఉంటే మొదటి సాయంత్రమే తెలిసేది.

2. తప్పును సున్నా చేస్తే తప్పు పోదు.

ఫోర్ట్రాన్ రోజులు. పంచ్ కార్డుల కట్ట ఇచ్చి, ఫలితం కోసం మర్నాటిదాకా ఎదురుచూసేవాళ్ళం. ఆయిలర్ పద్ధతిలో రాసిన నా ప్రోగ్రాంలో ఒక పదార్థం గాఢత మైనస్‌లోకి వెళ్ళింది. లేని పదార్థం లేనిదానికంటే తక్కువెలా అవుతుంది? ఆ ప్రశ్న వేసుకోకుండా, మైనస్ వస్తే సున్నా చెయ్యమని ఒక కార్డు చేర్చాను. గ్రాఫు ముచ్చటగా వచ్చింది. అసలు సంగతేమిటంటే, ఒక చర్య కాలస్థిరాంకం సెకనులో వందో వంతు. అలాంటప్పుడు ఆయిలర్ అడుగు సెకనులో యాభయ్యో వంతు దాటితే లెక్క అదుపు తప్పుతుంది. నేను వేసింది పదో వంతు. ఇలాంటి లెక్కల కోసమే గేర్ అనే ఆయన 1971లో తన పద్ధతులను పుస్తకంగా తెచ్చాడు. అది నా బల్లమీదే ఉండేది. ఆ గ్రాఫు చూసి మా పెద్ద సారు మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

3. మీటరు చూపేది మట్టం, సరుకు కాదు.

బాయిలర్ డ్రమ్ముకు నేను రాసిన మోడల్ ఇంట్లో నీళ్ళ ట్యాంకు లాంటిది. పోసింది ఎక్కువైతే మట్టం పెరుగుతుంది, వాడింది ఎక్కువైతే తగ్గుతుంది. ఆ మోడల్ ఆధారంగానే కంట్రోలర్‌ను సెట్ చేశాను. ఒకనాడు ప్లాంటు ఉన్నట్టుండి స్టీము ఎక్కువ లాగింది. తగ్గాల్సిన మట్టం పైకి లేచింది. కంట్రోలర్ ఫీడ్ నీళ్ళు తగ్గించేసింది. పక్కనే ఉన్న ఆపరేటర్, నాకంటే పదేళ్ళు పెద్ద, "అది పొంగు సారూ, నీళ్ళు గాదు" అన్నాడు. నేను స్క్రీను వైపే చూస్తున్నాను. కాసేపటికి నీళ్ళు అడుగంటి బాయిలర్ ట్రిప్పయింది.

ఆయన మాటలో ఫిజిక్స్ అంతా ఉంది. స్టీము ఎక్కువ లాగడంతో ఒత్తిడి తగ్గగానే నీళ్ళలోని బుడగలు ఉబ్బుతాయి, కొత్తవి పుడతాయి. పాలు పొంగినప్పుడు గిన్నెలో పాలు పెరగవు కదా! తర్వాత బుడగలకూ సమీకరణం రాశాను. మట్టంతో పాటు స్టీము, ఫీడ్ ప్రవాహాలనూ చూసే కంట్రోల్ పెట్టించాను. క్రెడిట్ మాత్రం నా రిపోర్టుకే వెళ్ళింది. ఆయన పేరు అందులో రాయలేదు.

4. కనబడే వేడికంటే పోగయ్యే సరుకుకు భయపడు.

ఇది చెప్పాలంటే ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది. లీటరు ఫ్లాస్కులో చేసిన చర్యను వెయ్యి లీటర్ల గ్లాస్‌లైన్డ్ రియాక్టర్‌కు తెచ్చాం. సరుకు వెయ్యి రెట్లు పెరిగితే గోడ వైశాల్యం వంద రెట్లే పెరుగుతుంది, అంటే లీటరుకు దక్కే చల్లదనం పదో వంతు. అది నాకు తెలుసు, లెక్కలో పెట్టాను. వేడెక్కకుండా రియాజెంట్‌ను మెల్లగా డోస్ చేయమన్నాను. పడిన చుక్క పడినట్టే చర్య జరుపుతుందని మోడల్‌లో అనుకున్నాను. ఆపరేటింగ్ సూచనల్లో 20 డిగ్రీలు అని రాసి, కింద ఒక వాక్యం చేర్చాను: ఇంకా చల్లగా ఉన్నా పరవాలేదు.

ఆ వాక్యమే కొంప ముంచింది. జాగ్రత్త కోసం రాత్రి షిఫ్టువాళ్ళు చల్లబరిచే బ్రైన్‌ను పూర్తిగా తెరిచి 5 డిగ్రీల దగ్గర నడిపారు. పది డిగ్రీలకు వేగం సగమవుతుందన్న ముతక లెక్కనే వేసినా, ఆ చలిలో చర్య వేగం మూడో వంతు. డోస్ చేసిందంతా చర్య జరపకుండా లోపలే పోగయింది. డోసింగ్ ముగిశాక బ్రైన్ తగ్గించగానే పోగైనదంతా ఒక్కసారిగా అంటుకుంది. రప్చర్ డిస్క్ పగిలింది. వేడి సాల్వెంట్ పడి ఒక హెల్పర్ కుడిచెయ్యి మోచేతిదాకా కాలింది. ఆసుపత్రిలో ఆ అబ్బాయి తల్లి నన్నేమీ అనలేదు. నేనెవరో ఆమెకు తెలియదు.

5. రాయని సమీకరణాన్ని కంప్యూటర్ గుర్తుచెయ్యదు.

2007 డిసెంబర్ 19న అమెరికాలో, ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో టీ2 లాబొరేటరీస్ రియాక్టర్ పేలి నలుగురు పోయారు. అది 175వ బ్యాచ్. చల్లబరిచే ఏర్పాటు పనిచేయలేదు, దానికి బదులు రెండోది లేదు. ఉష్ణోగ్రత 200 డిగ్రీల సెల్సియస్‌కు చేరువయ్యేసరికి రియాక్టర్‌లోని సోడియం సాల్వెంట్‌తోనే ఇంకో చర్య మొదలుపెట్టింది. ఆ చర్య వాళ్ళ ఊహలో లేదు. ఊహలో లేని చర్యకు సమీకరణం ఉండదు. అందుకే ముందు చిన్న శాంపిల్‌ను కెలోరీమీటర్‌లో పెట్టి వేడిచేసి చూడండి, ఆ తర్వాతే కీబోర్డు ముట్టుకోండి.

6. ప్లాంటు ముందే చెబుతుంది.

మా రప్చర్ డిస్క్ పగిలిన ఆ రాత్రి తర్వాత పాత లాగ్ బుక్కులు ముందేసుకుని కూర్చున్నాను. అంతకు మూడు బ్యాచ్‌ల ముందే ఎవరో నీలం పెన్నుతో రాశారు: "డోసింగ్ అయినంక వేడి లేస్తుంది, ఇంజనీర్ సారుకు చెప్పాలె." నా క్యాబిన్‌కూ ఆ లాగ్ బుక్ ఉండే బల్లకూ మధ్య దూరం నలభై అడుగులుంటుందేమో. రేపు పొద్దున డ్యూటీకి వెళ్ళాక, కంప్యూటర్ ఆన్ చేసే ముందు రాత్రి షిఫ్టు లాగ్ బుక్ ఒకసారి తెరిచి చూడండి.