ట్రాక్టరుతో బరువు ట్రక్కును లాగుట

పంట ఇంటికి చేర్చు దినములలో "నా ట్రాక్టరు ఎన్ని బస్తాలు లాగును?" అని రైతులు అడుగుదురు. అంతకుముందు అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు: "లాగిన బరువును నా ట్రాక్టరు ఆపగలదా?" డీజిలు ఇంజను చిన్న గేరులో ఎంతో బరువును కదల్చగలదు. కాని కదలిన బరువును ఆపవలసినవి బ్రేకులు.

ఒక లెక్క చూడుడు. ట్రాక్టరు బరువు 2 టన్నులు, ఖాళీ ట్రక్కు 1.5 టన్నులు, అందులో 75 కిలోల ధాన్యపు బస్తాలు 66, అనగా సుమారు 5 టన్నులు అనుకొందము. మొత్తము 8.5 టన్నులు. పల్లెలలో తిరుగు ట్రక్కులలో పెక్కింటికి బ్రేకులుండవు. కావున ట్రాక్టరు బ్రేకులే దాని బరువునకు నాలుగింతలు మించిన బరువును ఆపవలసివచ్చును. పది అడుగులకు ఒక అడుగు చొప్పున దిగు కాలువగట్టు బాటపై ఆ ట్రక్కు ట్రాక్టరును సుమారు 650 కిలోల బలముతో వెనుకనుండి నెట్టును. వేగము రెట్టింపైనచో బ్రేకు వేసిన తరువాత సాగు దూరము నాలుగింతలగును.

బస్తాలు పేర్చు విధము

ఎద్దుబండికి వెనుకబరువైనచో కాడి పైకి లేచునని మీరెరుగుదురు. రెండు చక్రముల ట్రక్కు సంగతియు అంతియే. వెనుకబరువైనచో హుక్కును పైకెత్తును. ట్రాక్టరు వెనుక చక్రములకు నేలపై పట్టు తగ్గును. ముందుబరువు మితిమీరినచో ట్రాక్టరు ముందుచక్రములు తేలి స్టీరింగు పనిచేయదు. కావున బరువును ఇరుసు మీదుగా సమముగా పేర్చి, కొంచెము మాత్రమే ముందునకు మొగ్గునట్లు చూడవలెను.

బయలుదేరుటకు ముందు

1. ట్రక్కును కంపెనీవారు అమర్చిన హుక్కుకే తగిలించి, పిన్ను జారకుండ గొళ్లెము వేయవలెను. వెనుక ఇరుసుకంటె ఎత్తున తగిలించినచో ట్రాక్టరు ముందుభాగము లేచి వెనుకకు తిరుగబడును.

2. దుక్కిలో విడివిడిగా త్రొక్కు రెండు బ్రేకు పెడల్సును రోడ్డుపై తప్పక కలిపి లాకు చేయవలెను. ఒక చక్రమునకే బ్రేకు పడినచో ట్రాక్టరు అడ్డము తిరుగును.

3. ట్రక్కు వెనుక ఎర్రని రిఫ్లెక్టర్లు అంటించి, వాటిపై మట్టి తుడువవలెను. చీకటిలో ఆగియున్న ట్రక్కు వెనుక వచ్చువారికి కనబడదు.

పల్లము దిగునపుడు

ఏ గేరులో ఆ మిట్టను ఎక్కగలరో ఆ గేరులోనే దిగవలెను. గేరును పైననే మార్చుకొనవలెను. నడుమ క్లచ్చి త్రొక్కరాదు. డీజిలు ఆదాయగునని న్యూట్రల్‌లో వదలరాదు. గేరులో ఉన్నంతవరకు ఇంజనుకూడ బండిని పట్టి ఉంచును. గేరు తప్పినచో బ్రేకులే దిక్కు.

చివరిగా, కోతకు వచ్చిన కూలీలను బస్తాలపైగాని హుక్కు కడ్డీపైగాని కూర్చుండబెట్టరాదు. బస్తాలు జారిపడినచో తిరిగి ఎత్తుకొనవచ్చును, మనిషి ప్రాణము తిరిగిరాదు. పది బస్తాలు తగ్గించి మరియొక తిరుగుడు వేయుట నష్టముకాదు.