తానీషా ముత్యములు, గోల్కొండ చెరసాల



లేదమ్మా మనుమరాలా, చెరసాల ముచ్చట విడిచి ముత్యముల ముచ్చట మాత్రమే చెప్పుట నాకు సమ్మతము కాదు. మీ విశ్వవిద్యాలయపు సర్వమత సభలో భద్రాచలమును గూర్చి పది నిమిషములు మాటాడవలసి వచ్చినదనియు, నీ గదిలోనుండు హైదరాబాదు ముస్లిము పిల్ల, రామదాసును ఖైదు చేసినవాడు మావాడే గదా, ఆ కథ నీవు చెప్పుచుండగా నేనెట్లు కూర్చుందునని నవ్వుచునే అన్నదనియు, నాటినుండి నీకు నిద్ర పట్టుట లేదనియు వ్రాసితివి. నిద్ర పట్టకపోవుట మంచిదే. ఆమె నవ్వు వెనుకనున్న నొప్పి నీకు తెలిసినదన్నమాట. కాని దానికి మందుగా, కూరలోని కరివేపాకును ఏరివేసినట్లు, కథలోనుండి కారాగారమును ఏరివేసెదనంటివే, ఆ తెలివి ఎవరు నేర్పిరి?

కథ నీకు తెలిసినదే గనుక మరల చెప్పను. నీవు చూడనిదానినే చూపెదను. నేలకొండపల్లి బిడ్డయైన కంచెర్ల గోపన్న, అనగా మన రామదాసు, పాల్వంచ పరగణాకు తహశీలుదారై, సర్కారు ఖజానాకు చేరవలసిన పైకముతో భద్రగిరిపై గుడి కట్టించెను. లెక్క అప్పగింపని అధికారిని బంధించుట ఏ మతపు ప్రభువైనను చేయు పనియే. 1672 మొదలు 1687 వరకు గోల్కొండ నేలిన అబుల్ హసన్ కుతుబ్ షాకు, అనగా తానీషాకు, ప్రధానమంత్రి మాదన్న. ఆ మాదన్న మన గోపన్నకు మేనమామయని చెప్పుదురు. ఇట్టి దర్బారులో జరిగిన వ్యవహారమును హిందూ ముస్లిముల కలహముగా చెప్పుట ఎంత తప్పో, అసలు బాధయే లేదనుట అంత తప్పు. ఏండ్ల తరబడి ఖైదు అనుభవించిన మనుష్యుని ఆక్రోశము వట్టిమాట యగునా?

ఇక రామోజీ, లక్ష్మోజీ అను పేర్లతో రామలక్ష్మణులు వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించిరన్న ఘట్టమును చరిత్రగా చెప్పకుము, విశ్వాసముగా చెప్పుము. రెంటికిని నడుమ గీత గీసి చెప్పినచో ఎవ్వరును నిన్ను తప్పుపట్టరు. అయితే ఆ విశ్వాసములోని వింతను నీవు గమనించితివా? జీవితమంతయు రాముని పిలిచి పిలిచి అలసిన గోపన్న చెరలో నుండగా, దర్శనము లభించినది తానీషాకు! భక్తులు తమ దేవుని సాక్షాత్కారమును తమ భక్తునకంటె ముందుగా ఒక ముస్లిము ప్రభువునకు ఇచ్చి, తరతరములుగా కన్నీటితో ఆ కథను చెప్పుకొనుచున్నారు. కబీరుదాసు గోపన్నకు తారకమంత్రము ఉపదేశించెనను గాథయు ఇట్టిదే. కబీరు పదునైదవ శతాబ్దివాడు, గోపన్న పదునేడవ శతాబ్దివాడు గనుక లెక్క కుదరదు. కాని ఆ గాథ నల్లినవారు తమ భక్తునకు గురువుగా ముస్లిము సాలెల ఇంట పెరిగినవానిని కోరుకొనిరన్నది మాత్రము కాదనరాని చరిత్ర. నీ స్నేహితురాలికి ఈ రెండు సంగతులు చెప్పి చూడుము.

గోల్కొండ ఔరంగజేబు పాలైన పిమ్మట తానీషా కూడ దౌలతాబాదు కోటలో బందీయై అక్కడనే కన్ను మూసెను. ఆయన ఏర్పరచెనని చెప్పు, భద్రాద్రి రాముని కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు పంపు ఆనవాయితీ మాత్రము ఆగలేదు. నిజాములు సాగించిరి, తరువాత ప్రభుత్వములు సాగించుచున్నవి. అన్యత్ర తలంబ్రములు పసుపుతో పచ్చగానుండగా మన భద్రాద్రిలో గులాలుతో ఎరుపెక్కుట కూడ ఆ కాలపు వాసనయే అందురు.

నీ జాబులో నాకు కోపము తెప్పించిన విషయ మింకొకటి కలదు. సభలో ఏయే మతములవారికి పీటలు వేసితిరో వరుసగా వ్రాసితివి గదా, కోయలకు పీట ఏది? భద్రగిరిపై పుట్టలోని రాముని మొదట కనుగొని, తాటిపండ్లు నివేదించి, పందిరి వేసి కొలిచినది పోకల దమ్మక్క యను కోయ స్త్రీయని స్థలపురాణము. ఆమె లేనిదే గోపన్నకు గుడి కట్టు పనియే లేదు. విత్తులు చల్లుటకు ముందు భూమిపండుగ చేసికొను ఆ జనుల విశ్వాసమునకు గ్రంథము లేదు, ప్రవక్త లేడు, జనాభా లెక్కల పత్రములో ప్రత్యేకమైన గడియు లేదు. పుస్తకమున్నవారు మాత్రమే పాల్గొను సంవాదము ఎంత గొప్పగా జరిగినను, అది చదువుకొన్నవారి విందుగానే మిగులును. దుమ్ముగూడెము, చర్ల అడవులకు ఇంత చేరువలో పెరిగిన నీవు దీనిని మరచుట నాకు కష్టము కలిగించినది.

ఇక క్రైస్తవుల సంగతి. డోర్నకల్లు స్టేషనులో ఎన్నిమార్లు రైలు మారితివో గాని, ఒక్కమారైనను అక్కడి కెథీడ్రలు చూచితివా? 1912లో అక్కడ బిషప్పైన అజరయ్యగారు ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన తొలి భారతీయుడు. 1939లో ప్రతిష్ఠింపబడిన ఆ కట్టడములో మన గుడి స్తంభములును, మసీదు గుమ్మటములును ఒక్క కప్పు క్రింద కూడినవి. 1910లో ఎడింబరో మిషనరీ మహాసభలో తెల్లదొరల యెదుట నిలిచి, మీ దానము చాలదు, మాకు మీ స్నేహము కావలెనని మొగము మీద అడిగిన ధీరుడాయన. మతాంతరీకరణ విషయమున ఆయనకును గాంధీగారికిని పొసగలేదు. ఇద్దరి పటములకును పూలదండలు వేసి ఊరకుండుట సులభమే. వారెందుకు విభేదించిరో, ఎవరి మాటలో ఎంత బలము కలదో పిల్లలచేత చదివించుట కష్టము. నేను సర్వమత విద్య యనునది ఆ కష్టమునే. మతమును బోధించుట వేరు, మతములను గూర్చి బోధించుట వేరని నీవున్న అమెరికాలో 1963లో అచ్చటి సుప్రీంకోర్టును, మన దేశమున 2002లో అరుణా రాయ్ దావాలో మన సుప్రీంకోర్టును చెప్పియే యున్నవి. కనుక చట్టము అడ్డమన్న సాకు పనికిరాదు.

ఒకని అధికారమును ఎదిరించుచునే వాని సంస్కృతిని ప్రేమింపవచ్చునా యని నీవడిగిన దానికి నావద్ద సిద్ధాంతము లేదు, దాశరథి కలడు. ఖమ్మములో బడి చదువు చదివి, నిజామును ధిక్కరించి జైలుకు పోయిన ఆ కవియే 1961లో ఉర్దూ కవి గాలిబు గీతములను తెలుగు చేసెను.

పీర్లపండుగను గూర్చి కూడ చెప్పుదునంటివి. మన పల్లెలలో పీరు లెత్తుకొని అలావా గుండము చుట్టు ఆడువారిలో హిందువులు ఎందరో కలరు. అది మన సంతోషము. కాని దానిని ఇస్లామని పరిచయము చేయకుము. ఆ పిల్ల ఇంటివారు దానిని ఒప్పుకొనకపోవచ్చును. దానికి మూలమైన కర్బలా కథను ఆమె నోటనే రానిమ్ము.

ఉపన్యాసము వ్రాసిన పిమ్మట ముందుగా ఆమెకు చదివి వినిపింపుము. ఆమె కాదన్న చోటులను కొట్టివేయక, సభలోనే ఆమెచేత ఆ మాట అనిపింపుము. అందుకై నీ పది నిమిషములలో నాలుగు ఆమెకు వదలుము. ఆ తరువాత నాకు పంపినచో తప్పులు దిద్దెదను. నీ ఒత్తులు ఇంకను కుదురలేదు.

ఇట్లు,
మీ తాత