పగటి నిద్ర: సోమరితనమా, రోగమా?

తరగతిలో తల వాల్చిన విద్యార్థిని ఉపాధ్యాయుడు సోమరి యనును. కచేరీలో బల్లపై తల వాల్చిన ఉద్యోగిని అధికారి బాధ్యత లేనివాడనును. కుంభకర్ణుని పేరు మన యిండ్లలో తిట్టుగా వాడుట అందరెరిగినదే. అయితే పగటివేళ ఆపుకొనలేని నిద్ర వచ్చుటకు కారణములు పెక్కులు గలవు. వానిలో నొకటి మెదడునకు సంబంధించిన నిజమైన రోగము. దానిని వైద్యులు ఎట్లు నిర్ణయింతురో, మన నగరమున ఆ నిర్ణయము ఏల కష్టమగుచున్నదో ఈ వ్యాసమున తెలుప నుద్దేశించితిమి.

1998వ సంవత్సరమున మాదాపురమునందు సైబర్ టవర్స్ అను భవనము ప్రారంభింపబడెను. అటు తరువాత హైటెక్ సిటీ, కొండాపురము, గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రాంగూడ ప్రాంతములలోని బండరాళ్ల నడుమ అద్దాల మేడలు లేచినవి. అచ్చటి పనిలో కొంత భాగము అమెరికా దేశపు గడియారము ననుసరించి జరుగును. న్యూయార్కులో ఉదయము 9 గంటలైనప్పుడు ఇచ్చట వేసవిలో సాయంత్రము 6-30, శీతకాలమున 7-30 గంటలు. కాబట్టి ఆ వేళలకు పనిచేయువారు తెల్లవారుజామున ఇల్లు చేరి, లోకమంతయు మేల్కొన్న తరువాత పండుకొందురు. మన దేహమునందు సూర్యకాంతిని బట్టి నడచు గడియార మొకటి గలదు. అది ఉద్యోగపు వేళలకు లోబడునది కాదు. పగటి నిద్ర రాత్రి నిద్రకంటె కొరతగాను, తెగి తెగియు నుండును. తండ్రి వచ్చి తలుపు తట్టినప్పుడు లేచితిమి, మరల నిద్ర పట్టలేదు అని మా తరగతులలోని పిల్లలు చెప్పుట కలదు. ఇంటిలో ఒకరి రాత్రిపని ఇంటిల్లిపాదికిని తగులును.

ఇది నిద్రలేమి. రోగము వేరు. 1880వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమందు జెలినో అను వైద్యుడు 38 ఏండ్ల వర్తకుని పరీక్షించెను. ఆ మనుష్యునికి దినమునకు 200 మారులవరకు నిద్ర ముంచుకొని వచ్చుచుండెను. జెలినో ఈ రోగమునకు 'నార్కోలెప్సీ' యని పేరు పెట్టెను. మొద్దుబారుట, పట్టుకొనుట అను అర్థములుగల గ్రీకు మాటల కూర్పు అది. ఇది తరచుగా పది మొదలు ఇరువది యేండ్ల వయస్సులో, అనగా సరిగా మన విద్యార్థుల వయస్సులోనే మొదలగును. అయినను మొదటి లక్షణము కనబడిన తరువాత సరియైన పేరు తెలియుటకు అనేక సంవత్సరములు పట్టుచున్నది. ఆ సంవత్సరములలో పిల్లవాడు వినవలసిన మాటలు ఎట్టివో చదువరులు ఊహింపగలరు.

రోగి రాత్రి చాలినంత నిద్రించినను పగలు మరల మరల నిద్రకు లోబడును. కొందరికి మరియొక వింత లక్షణముండును: ఫక్కున నవ్వినప్పుడు, లేక ఆశ్చర్యము కలిగినప్పుడు మోకాళ్లు సడలును, దవడ జారును, చేతిలోని వస్తువు పడిపోవును. స్పృహ తప్పదు, కొన్ని క్షణములలో, హెచ్చుగా రెండు నిమిషములలో, బలము తిరిగి వచ్చును. దీనికి కాటాప్లెక్సీ యని పేరు. మూర్ఛరోగమని భ్రమపడి తప్పు మందు తినిపించుటకు అవకాశము గలదు. నిద్ర పట్టునప్పుడో మెలకువ వచ్చునప్పుడో దేహము కదలక, గదిలో ఎవరో ఉన్నట్లు తోచుటయు గలదు. దయ్యము గుండెలమీద కూర్చున్నదని మన పెద్దలు చెప్పునది ఇదియే. ఆరోగ్యవంతులకును అప్పుడప్పుడు ఇట్లగుట కద్దు. కనుక దీనిని బట్టియే రోగమని యెంచరాదు, భూతవైద్యుని యొద్దకు పరుగెత్తనక్కరయు లేదు.

కారణము 1998వ సంవత్సరముతో తెలియనారంభించెను. ఆ యేట రెండు శాస్త్రజ్ఞబృందములు వేరువేరుగా మెదడులో నొక పదార్థమును కనుగొనిరి. ఒకరు ఓరెక్సిన్ అనియు, మరియొకరు హైపోక్రెటిన్ అనియు పేర్లు పెట్టిరి. మెదడు అడుగుభాగమున హైపోథాలమస్ అను చోట సుమారు 70,000 కణములు మాత్రమే దీనిని తయారుచేయును. మెలకువను నిలిపి ఉంచునది ఇదే. కాటాప్లెక్సీగల రోగులలో ఈ కణములు చాలవరకు నశించియుండుట 2000వ సంవత్సరమున తెలిసినది. కోట్లకొలది కణములుగల మెదడులో గుప్పెడు కణములు పోయినంతనే మనుష్యుడు నవ్వుటకు సైతము జంకవలసివచ్చుట విచారకరము.

ఇక వ్యాధి నిర్ణయము. వైద్యుడు మొట్టమొదట అడుగు ప్రశ్న 'నీవెంతసేపు నిద్రించుచున్నావు?' అనునదే. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయములో ఐతుకు అను యౌవనస్థుడు కిటికీలో కూర్చుండి నిద్రించి మూడవ అంతస్తునుండి పడిన సంగతి మన విద్యార్థులెరుగుదురు. ప్రసంగము అర్ధరాత్రివరకు సాగెను గనుక అతనికి రోగమున్నదని యెవరును చెప్పరు. పెద్దలకు 7 గంటలకు తక్కువ కాకుండ, 13 మొదలు 18 ఏండ్లవారికి 8 మొదలు 10 గంటలు నిద్ర కావలెను. ఇది లేనివారికి మొదటి ఔషధము నిద్రయే. గురకపెట్టి నిద్రలో ఊపిరి ఆగువారికిని, రక్తహీనులకును, థైరాయిడ్ గ్రంథి మందగించినవారికిని, కొన్ని మందులు వాడువారికిని పగలు మత్తు గలుగును. వీనిని ముందు తరచి చూతురు.

తరువాత ఎప్‌వర్త్ కొలత. దీనిని 1991వ సంవత్సరమున ఆస్ట్రేలియాలో మరే జాన్స్ ప్రకటించెను. చదువునప్పుడు, మధ్యాహ్న భోజనానంతరము కూర్చున్నప్పుడు, రద్దీలో బండి ఆగినప్పుడు మొదలైన 8 సందర్భములలో కునుకు పట్టు అవకాశమును 0 మొదలు 3 వరకు అంకెలలో చెప్పవలెను. మొత్తము 10 దాటినయెడల విచారింపదగినది. గచ్చిబౌలి కూడలిలో సాయంకాలము బండి ఆపుకొని కూర్చొనువారికి ఈ ప్రశ్న యొక్క యర్థము చెప్పనక్కర లేదు! అయితే ఇది మత్తు ఎంత యున్నదో చెప్పునే గాని కారణము చెప్పదు.

అసలు పరీక్ష నిద్రాపరీక్షాలయమున జరుగును. ఒకటి రెండు వారములు నిద్రవేళలు వ్రాసియుంచిన పిమ్మట, ఒక రాత్రియంతయు తలకు తీగలమర్చి మెదడు, కన్నులు, కండరములు, శ్వాస వీని గతిని గుర్తింతురు. మరునాడు రెండేసి గంటల కొకమారు, నాలుగైదు మారులు, చీకటిగదిలో పండుకొనబెట్టుదురు. ప్రతిమారు 20 నిమిషములు గడువు. సగటున 8 నిమిషములు లేక అంతకు లోపల నిద్రపట్టి, కనీసము రెండుమారులు వెంటనే స్వప్ననిద్రలోనికి జారినయెడల అది నార్కోలెప్సీకి గురుతు. ఆరోగ్యవంతునికి స్వప్ననిద్ర వచ్చుటకు సాధారణముగా గంటకు పైగా పట్టును. అవసరమైనచో వెన్నెముకలోని నీటిని తీసి ఓరెక్సిన్ ఎంతయున్నదో కొలుతురు.

చిక్కు ఇచ్చటనే యున్నది. రాత్రిపని చేయువారిలోను, వారములకొలది నిద్ర చాలనివారిలోను రోగము లేకయే ఈ పరీక్ష ఫలితము రోగమువలె కనబడవచ్చును. కాబట్టి మాదాపురపు ఉద్యోగి నేడు రాత్రిపని ముగించి రేపు పరీక్షకు పోయిన ప్రయోజనము లేదు; తగినన్ని దినములు సెలవుపెట్టి, రాత్రివేళ క్రమముగా నిద్రించి పిమ్మట పోవలెను. దీనికి ఎదురైన పొరబాటును గలదు. అందరును మత్తుగానే యుండు చోట నిజమైన రోగి 'అందరివలెనే నేనును' అనుకొని, కాఫీమీద కాలము గడుపుచు, వైద్యుని చేరకయే యుండును. మా యెరుకలో ఈ రెండవదియే హెచ్చు ప్రమాదకరము. ఏలయనగా అతడు బాహ్యవలయ రహదారిపై బండి నడుపుచున్నాడు.

ఈ రోగము పూర్తిగా కుదురునది కాదు గాని, మొడాఫినిల్ మొదలగు మందులచేతను, నియమిత వేళలలో చిన్న కునుకులచేతను చాల భాగము అదుపులో నుండును. మందులను వైద్యుని చీటీ లేక కొని మ్రింగుట, ముఖ్యముగా పరీక్షల దినములలో మేల్కొనుటకై మ్రింగుట, తగదు.

తల్లిదండ్రులు చేయదగిన పని యొకటి గలదు. ఒక నోటుపుస్తకములో రెండు వారములు ఇవి వ్రాయుడు: పండుకొన్న వేళ, లేచిన వేళ, రాత్రి మెలకువలు, గురక, పగలు ఎన్నిమారులు ఎచ్చట నిద్రించెను, నవ్వినప్పుడు కాళ్లు సడలెనా, సెలవుదినమున ఎంతసేపు నిద్రించెను. సెలవులలో కడుపునిండ నిద్రించిన పిమ్మట మత్తు పోయినయెడల అది నిద్రలేమి. పోక మూడు మాసములు నిలిచినయెడల ఆ పుస్తకమును తీసికొని నరముల వైద్యుని యొద్దకు పోవలెను. తరగతి ఉపాధ్యాయుడు చూచిన సంగతులను అందులో వ్రాయించుకొనుటయు మంచిది, ఏలయనగా పగటివేళ పిల్లవానిని ఎక్కువసేపు చూచువాడు అతడే.