మంచు ఏరు, క్రొత్త సరస్సు



ఈ నెల పాఠము దారిలో నేర్చుకొన్నది. న్యూజిలాండు దేశపు దక్షిణ ద్వీపములో క్రైస్ట్‌చర్చ్ పట్టణము నుండి అవొరాకి పర్వతము వరకు మేము ఇల్లుబండిలో ప్రయాణము చేసి, హిమానీనదమును పడవపై నుండి చూచితిమి. హిమానీనదమనగా మంచు ఏరు. మన ఊళ్లలో మంచనగా చలికాలపు తెల్లవారుజామున చేలమీద దిగునదియే గనుక దీనిని కొంచెము విప్పి చెప్పవలెను.

ఎత్తైన కొండలపై పడిన మంచు వేసవిలో పూర్తిగా కరుగదు. మరుసటి ఏటి మంచు దానిమీద పడును. ఇట్లు ఏండ్ల తరబడి పేరుకొని, పైబరువుకు అణగి, లోని గాలి చాలవరకు పిండబడి, నీలిచాయ గల గట్టి గడ్డయగును. అటుపిమ్మట తన బరువుచేతనే లోయలోనికి మెల్లమెల్లగా పారును. పారుచు అడుగునున్న రాతిని తిరగలివలె నూరును. వేసవిలో దాని అంచు కరిగి ఏళ్లకు నీరిచ్చును. ఒక విధముగా ఇది కొండమీది గాదె. మన గోదావరికి, కృష్ణకు ఇట్టి గాదె లేదు, అవి వానలను నమ్ముకొన్న నదులు. గంగకు మాత్రము హిమాలయములలో గంగోత్రి హిమానీనదము కలదు.

ఇల్లుబండిని గూర్చి కూడ చెప్పవలెను. పొయ్యి, పడక, నీళ్లతొట్టి, మరుగుదొడ్డి అన్నియు అందులోనే యుండును. అక్కడను బండ్లు మనవలెనే ఎడమప్రక్కనే నడచును. పెద్ద దారిమీద సైతము ఒకే బండి పట్టునంత వంతెనలున్నవి, ఎవరు ఆగవలెనో బోర్డు చెప్పును. మురుగునీటిని కనబడిన చోటనెల్ల వదలరాదు, దానికై ఏర్పరచిన చోటులందే వదలవలెను. మొదటి దినమున మేము అలమర తలుపు బిగించుట మరచినందున ఒక మలుపులో పళ్లెములన్నియు నేలపాలాయెను. తరువాత బయలుదేరుటకు ముందు అందరము కలిసి తలుపులు లెక్కపెట్టుచుంటిమి.

టెకాపో సరస్సు గట్టున చిన్న రాతిగుడి యొకటి కలదు, మంచి కాపరి దేవాలయము. ఆ ప్రాంతమున మొదట కాపురమున్నవారి జ్ఞాపకార్థము 1935లో కట్టిరి. వేర్వేరు సంఘములవారు అందులో ఆరాధించుదురు. బల్ల వెనుక గోడకు బదులు పెద్ద కిటికీ యున్నది. అందులోనుండి సరస్సును, దాని ఆవల కొండలును కనబడును. సమీపమున గొఱ్ఱెలు కాచిన కుక్కల జ్ఞాపకార్థము కంచు కుక్క నొకదానిని నిలిపిరి. కుక్క సేవను కూడ మరువని ఆ మనుష్యులు మాకు నచ్చిరి.

ఆ సరస్సు రంగు చూచి మేము ఆశ్చర్యపడితిమి. నీలిమందులో పాలు కలిపినట్లుండెను. హిమానీనదము నూరిన సన్నని రాతిపిండి నీటిలో తేలుచు వెలుతురును చెదరగొట్టుటయే దానికి కారణము. పుకాకి సరస్సు నీరును అట్టిదే.

మరునాడు అవొరాకి ముందు నిలిచితిమి. ఎత్తు 3,724 మీటర్లు. ఎవరెస్టు నెక్కకమునుపు హిల్లరీ 1948లో ఈ పర్వతము నెక్కెను. దాని ప్రక్కలోయలోనే టాస్మన్ హిమానీనదమున్నది. పొడవు సుమారు 23 కిలోమీటర్లు, ఆ దేశములో ఇదియే పెద్దది. బండి విడిచి కొంతదూరము నడచి, పడవ యెక్కితిమి. మొదట కొంత నిరాశ కలిగెను. తెల్లని గోడను చూతుమనుకొంటిమి గాని, దిగువ భాగమంతయు రాళ్లతోను దుమ్ముతోను కప్పబడి రాతిగని వలె నుండెను. సమీపమున ఒక గడ్డ పగిలినచోట మాత్రము నీలిరంగు మెరసెను. నీటిపై తేలు గడ్డలలో పదింట తొమ్మిది వంతులు నీటి క్రిందనే యుండును. అవి హఠాత్తుగా తలక్రిందులగును గనుక పడవవాడు దూరముగా త్రిప్పెను. ఒక చిన్నముక్కను నీటిలోనుండి తీసి మా చేతికిచ్చెను. మన తాతల తాతలనాడు కురిసిన మంచు! అరచేతిలో క్షణములో నీరాయెను.

ఇక అసలు సంగతి. మేము పడవలో తిరిగిన ఆ సరస్సు 1973లో లేదు. అప్పుడచ్చట మంచే యుండెను. పైభాగము కరిగి గుంటలేర్పడి, గుంటలు కలిసి సరస్సాయెను. 2008 నాటికి 7 కిలోమీటర్ల పొడవును, 245 మీటర్ల లోతును కలిగెను. గాలి వేడెక్కుటచేత మంచు తగ్గును, సరస్సు నీరు మంచు అడుగును తొలిచి మరింత విరుగగొట్టును. సరస్సు పెరిగినకొలది విరుగుటయు పెరుగును. 2011 ఫిబ్రవరి 22న క్రైస్ట్‌చర్చ్‌లో భూకంపము వచ్చి 185 మంది చనిపోయిరి. అదే దినమున ఇంత దూరమున ఈ హిమానీనదము నుండి సుమారు 3 కోట్ల టన్నుల మంచు విరిగి సరస్సులో పడెను. అప్పుడు నీటిమీద యాత్రికుల పడవలున్నవి. లేచిన అలలలో అవి చాలసేపు ఊగినవి.

మంచు పోయినందుననే మా పడవకు చోటు కలిగెనన్న మాట ఆ రాత్రి మమ్మును నిద్రపోనియ్యలేదు. మా బండియు డీజిలు కాల్చియే అక్కడికి చేరెను గదా. చూడవలదని మేము చెప్పలేము. చూడకున్నచో ఈ పాఠము వ్రాసియుండెడివారము కాము. అయినను ఆ దినపు సంతోషములో ఒక ముల్లు మిగిలెను.

తెల్లవారి, వెనుకకు మరలకముందు, సరస్సు కనబడు మిట్టయెక్కితిమి. దారిప్రక్కన నీలి సరస్సులను పేరుగల చిన్న మడుగులున్నవి. పేరు పెట్టిననాడు హిమానీనదపు నీరు ఊరి అవి నీలముగా నుండెను. మంచుమట్టము దిగిపోయినందున ఆ నీరిప్పుడు వాటికందదు. మన చెరువులవలె వాననీటితోనే నిండుచున్నవి. మేము చూచునప్పటికి వాటి నీరు ఆకుపచ్చగా నుండెను. దారిలోని బోర్డుమీద మాత్రము ఇంకను పాత పేరే యున్నది.