బక్కగైతరన్నరు, నేను దొడ్డుగైన!

ప్రశ్నలు – జవాబులు

నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఈ ఉత్తరాలన్నీ ఒక్క విషయం గురించే: రొమ్ము క్యాన్సర్ చికిత్సలో పెరిగే బరువు. పేర్లు తీసేశాం. మాటలు మాత్రం వాళ్లవే ఉంచాం.

ప్రశ్న: ఆపరేషన్ అయింది, ఇప్పుడు కీమో ఎక్కిస్తున్నరు. ఎనిమిదిట్ల ఐదు అయినయి. కీమో అంటే మనిషి కట్టెపుల్ల లెక్క అయితదని భయపడ్డ. తీరా చూస్తే ఆరు కిలోలు పెరిగిన. మొఖం ఉబ్బింది. చూడ వచ్చినోళ్లు ‘మంచిగనే ఉన్నవ్ గదా, దొడ్డుగైనవ్’ అంటుంటే కడుపుల మంట లేస్తది. నేనేం ఎక్కువ తింటలేను. ఇది ఎట్లయింది? – నల్లగొండ, 44 ఏళ్లు

జవాబు: చూడ వచ్చినవాళ్లకు సినిమాల్లో క్యాన్సరే తెలుసమ్మా. కడుపు, గొంతు, ఊపిరితిత్తుల క్యాన్సర్లలో మనిషి చిక్కిపోవడం నిజమే. రొమ్ము క్యాన్సర్ కీమోలో మాత్రం పెరిగేవాళ్లు చాలామంది. 1978లోనే అమెరికా నర్సుల పత్రికలో దీని గురించి రాశారు. తర్వాత జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే సగటున మూడు కిలోలకు కాస్త అటూ ఇటూ పెరుగుతున్నారు. మీ ఆరు కిలోలు సగటు కంటే ఎక్కువే గానీ వింత కాదు.

కారణం ఒక్కటి కాదు. వాంతులు రాకుండా, మందు పడక ఒళ్లు దద్దుర్లెక్కకుండా కీమోతో పాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. అది ఆకలి పెంచుతుంది, నిద్ర చెడగొడుతుంది, షుగర్ పెంచుతుంది, ముఖానికి ఉబ్బు తెస్తుంది. కడుపు ఖాళీ అయితే వికారం ఎక్కువవుతుంది కనుక చెయ్యి తెలియకుండానే బిస్కెట్ల పుడ వైపు పోతుంది. మీ వయసులో కీమోతో నెలసరి ఆగిపోవచ్చు. అలా ఆగితే కొవ్వు నడుము చుట్టూ చేరుతుంది. వీటన్నిటి మీద నీరసం. నిన్నటిదాకా బిందెలు మోసిన మనిషి మంచం మీద కూర్చుంటే ఖర్చు కాని తిండి ఒంట్లోనే ఉండిపోతుంది.

ఆ కూర్చోవడంలో ఇంకో నష్టం ఉంది. కండ కరిగిపోతుంది. కాటా ఆరు కిలోలు అంటుంది. దాని వెనక రెండు కిలోల కండ పోయి, ఎనిమిది కిలోల కొవ్వు వచ్చి ఉండొచ్చు. ఆ లెక్క కాటాకు రాదు. ఇంట్లోనే చూసుకోండి. చేతులు ఊనకుండా కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చోండి. అర నిమిషంలో ఎన్నిసార్లు లేవగలిగారో క్యాలెండర్ మీద రాయండి. ఇప్పుడు మీరు కాపాడుకోవలసింది ఆ అంకెను. బరువు సంగతి కీమో అయ్యాక తీరిగ్గా చూద్దాం.

ప్రశ్న: మా అత్తమ్మకు కీమో నడుస్తున్నది. బరువు పెరుగుతున్నదని రాత్రి బువ్వ బంద్ చేసింది. చక్కెర క్యాన్సర్‌కు మేత అని ఎవరో చెప్పిన్రంట, పాలు, పండ్లు గూడ ముట్టదు. ఉత్త జొన్నరొట్టె, పచ్చిపులుసు తింటది. ఏం వండి పెట్టాలె? – జడ్చర్ల

జవాబు: ముందు ఆ రాత్రి ఉపవాసం మాన్పించమ్మా. చాలా కీమో మందుల మోతాదు ఎత్తు, బరువు చూసి లెక్కగడతారు. ఒంటి బలం తగ్గితే తర్వాతి డోసు వాయిదా పడొచ్చు. బరువు తగ్గడం కోసం కడుపు మాడ్చుకునే సమయం ఇది కాదు.

చక్కెర మాట సగం నిజం. క్యాన్సర్ కణం చక్కెర వాడుకుంటుంది, ఒంట్లోని ప్రతి కణమూ వాడుకుంటుంది. పండు మానేసినంత మాత్రాన గడ్డ ఎండిపోదు. మానవలసింది చాయ్‌లో చక్కెర. కప్పుకు రెండు చెంచాలు, రోజుకు ఐదు కప్పులు అనుకుంటే దాదాపు 200 కేలరీలు. పరామర్శకు వచ్చేవాళ్లు తెచ్చే బ్రెడ్డు, డబ్బా పొడులు, జ్యూస్ సీసాలు దీనికి అదనం. నల్లగొండ బత్తాయి తెస్తే మాత్రం దండం పెట్టి తీసుకోండి. జ్యూస్ తియ్యకుండా బాగా కడిగి, ఒలిచి తొనలు తిననివ్వండి. గ్లాసు జ్యూస్‌కు మూడు నాలుగు కాయలు పోతాయి. తొనలైతే ఒకటి రెండింటికే కడుపు నిండుతుంది.

జొన్నరొట్టె మంచిదే గానీ మందు కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల్లో వంద గ్రాముల బియ్యానికి 356 కేలరీలు, జొన్నకు 334. పెద్ద తేడా లేదు. తేడా పీచులో ఉంది: బియ్యంలో మూడు గ్రాములకు లోపే, జొన్నలో పది. అందుకే రెండు రొట్టెలకే కడుపు నిండినట్టుంటుంది. నోరు పూసినప్పుడు మాత్రం ఎండురొట్టె పెట్టొద్దు. పప్పులోనో పాలలోనో నానబెట్టండి, లేదా మెత్తగా గట్క చెయ్యండి.

అత్తమ్మ పళ్లెంలో లేనిది మాంసకృత్తు. పచ్చిపులుసులో అది దాదాపు సున్నా. చికిత్సలో ఉన్నవాళ్లకు కిలో బరువుకు కనీసం ఒక గ్రాము కావాలి, అంటే 60 కిలోల మనిషికి 60 గ్రాములు. బాగా ఉడికిన రెండు గుడ్లు 12, రెండు కప్పుల గట్టిపప్పు 14, గ్లాసు పాలు 6, యాభై గ్రాముల పుట్నాలు 10, మూడు జొన్నరొట్టెలు 12. ఇక్కడికే 54 అయ్యాయి. కప్పు పెరుగుతో లెక్క నిండుతుంది. మూత్రపిండాల జబ్బుంటే ఈ లెక్క మారుతుంది. చికిత్స రెడ్‌హిల్స్ ఎంఎన్‌జేలో జరుగుతున్నా, బంజారాహిల్స్ బసవతారకంలో జరుగుతున్నా, వెళ్లిన రోజే డైటీషియన్‌ను కలిపించమని అడగండి. అడగకపోతే ఆ సంగతి ఎవరికీ గుర్తుకు రాకపోవచ్చు.

ప్రశ్న: కుడి రొమ్ము తీసేసిన్రు, సంకలోని గడ్డలు గూడ తీసిన్రు. ఏడాదైంది. ఆ చేత్తోటి రొట్టెలు కొట్టొద్దు, చెయ్యి వాస్తదని అందరంటరు. కూసోని కూసోని బరువు పెరుగుతున్న. – నారాయణపేట

జవాబు: చెయ్యి వాస్తుందన్న భయం ఊరికే పుట్టింది కాదక్కా. సంకలోని గ్రంథులు తీసేస్తే చేతి నుంచి నీరు వెనక్కి పోయే దారి ఇరుకవుతుంది. అయితే బరువు పెరగడం కూడా ఆ వాపుకు ఒక కారణమే. చేతికి పని తప్పించబోయి ఆ చేతికే చేటు తెచ్చుకున్నట్టవుతుంది.

బరువులెత్తొద్దని ఒకప్పుడు డాక్టర్లూ చెప్పేవారు. 2009లో అమెరికాలో అచ్చయిన పరిశోధనలో, అప్పటికే చెయ్యి వాచిన ఆడవాళ్ల చేత దగ్గరుండి కొద్దికొద్దిగా బరువులెత్తించారు. వాపు పెరగలేదు, పైగా ముదరడం తగ్గింది. కాబట్టి ఫిజియోథెరపిస్టుకు చెయ్యి చూపించి మొదలుపెట్టండి. మొదటి వారం రెండు రొట్టెలు, తర్వాత నాలుగు. చెయ్యి బరువెక్కినట్టు, గాజులు బిగుసుకున్నట్టు అనిపిస్తే ఆపి మళ్లీ చూపించండి. కొట్టండి గానీ, పెనం మీద కాల్చే పని ఇంకొకరికి అప్పజెప్పండి. ఆ చేతికి కాలినా, తెగినా చీము తొందరగా పడుతుంది.

ప్రశ్న: మాది మర్రిగూడ దిక్కు. చిన్నప్పటి సంది ఫ్లోరైడ్ నీళ్లే తాగినం. కీమో అయినంక లెట్రోజోల్ గోలి రాసిన్రు. మోకాళ్లు, నడుము పట్టుకపోయినయి. రోజూ నడవమంటరు. ఎట్ల నడవాలె? – 58 ఏళ్లు

జవాబు: మీ నొప్పికి రెండు మూలాలుండొచ్చమ్మా. లెట్రోజోల్ ఒంట్లో ఈస్ట్రోజన్‌ను బాగా తగ్గిస్తుంది. దాంతో కీళ్లు నొస్తాయి, ఎముకలు పలచబడతాయి. ఫ్లోరైడ్‌తో ఇంకో తిరకాసు ఉంది. ఎముకను గట్టిగా కనిపించేట్టు చేసి లోపల పెళుసు చేస్తుంది. ఎముక సాంద్రత పరీక్షలో అంకె బాగున్నట్టు రావొచ్చు. అందుకే డాక్టర్‌కు గోలి సంగతి చెప్పేటప్పుడే ‘మాది ఫ్లోరైడ్ ఊరు’ అని కూడా చెప్పండి. హైదరాబాద్ డాక్టర్‌కు ఆ మాట తట్టకపోవచ్చు. తాగడానికీ వంటకూ బోరునీళ్లు వద్దు, మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడండి.

నడవలేకపోతే కుర్చీలో మొదలుపెట్టండి. కూర్చుని ఒక్కో కాలు నిటారుగా చాపి ఐదు లెక్కపెట్టి దించండి, కాలికి పదిసార్లు. గోడ పట్టుకుని మడమలు లేపండి. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం ఐదుసార్లు. నొప్పి భరించగలిగినంత వరకే. ఈ రకం గోలీలతో వచ్చే కీళ్లనొప్పులు క్రమంగా వ్యాయామం చేసేవాళ్లలో తగ్గినట్టు పరిశోధనల్లో తేలింది. చివరికి చేరవలసింది వారానికి 150 నిమిషాల నడక. అది ఎల్లుండికే కాదు, ఆర్నెల్లకు. నల్లగొండ పెద్దాసుపత్రిలో ఫిజియోథెరపీకి చూపించుకోండి. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మీకు జీరో టికెటే, దారిఖర్చుకు వెనకాడే పని లేదు.

ప్రశ్న: నా భార్యకు కీమో అయి నాలుగు నెలలైంది. జుట్టు వస్తున్నది గానీ, జాకెట్లు పడుతలేవని పెండ్లిళ్లకు, బోనాలకు వస్తలేదు. నేను ఏ పని చెయ్యనిస్తలేను. ఇంకేం చెయ్యాలె? – మహబూబ్‌నగర్

జవాబు: మొదట, ఆ ‘ఏ పని చెయ్యనివ్వకపోవడం’ కొంచెం తగ్గించండి తమ్ముడూ. మీది ప్రేమే. కానీ పని లేని ఒంట్లో కండ నిలవదు. ఆమె చెయ్యగలనన్న పని చెయ్యనివ్వండి, అలసిపోయానన్నప్పుడు అందుకోండి.

రెండోది, ఇప్పటి కొలతలకు రెండు జాకెట్లు కుట్టించండి. ‘తగ్గినంక కుట్టిద్దాం’ అంటే అప్పటిదాకా ఇంట్లోనే ఉండు అన్నట్టవుతుంది. రొమ్ము తీసేసి ఉంటే లోపల పెట్టుకునే మెత్తటి అచ్చు గురించి ఆసుపత్రిలో అడిగి, దర్జీకి ముందే చెప్పండి. మూడోది, పొద్దుగూకాక ఇద్దరూ కలిసి నడవండి. ‘నువ్వు నడువు’ అనడం వేరు, చెప్పులేసుకుని వాకిట్లో నిలబడడం వేరు.

ప్రశ్న: టామాక్సిఫెన్ గోలీతోటే దొడ్డుగైతున్న అనిపిస్తుంది. కొన్ని దినాలు బంద్ చేసి చూద్దునా? మా అమ్మ పొద్దటి కల్లు తాగు, సలువ చేస్తదంటది. – సూర్యాపేట

జవాబు: బంద్ చెయ్యకు చెల్లీ. ఆ గోలీని ఉత్తుత్తి గోలీతో పోల్చి చూసిన పెద్ద పరీక్షలో రెండు గుంపుల బరువులకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. జబ్బు తిరగబెట్టకుండా ఐదేళ్లు, కొందరికి పదేళ్లు కాపు కాసేది అదే. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి ఉంటే డాక్టర్‌కు చెప్పు, వాటికి ఉపాయాలున్నాయి.

కల్లు చల్లగానే ఉంటుంది, కానీ చెట్టు దిగే లోపే పులవడం మొదలవుతుంది. పులిస్తే అది సారాయికి చెల్లెలే, రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచే వాటిలో మద్యం ఒకటి. అమ్మకు మజ్జిగ చూపించు. బరువు తగ్గించే పొడులు, కషాయాలు డాక్టర్‌ను అడక్కుండా ముట్టకు. కీమో అయిపోయింది గనుక నువ్వు తగ్గొచ్చు: 70 కిలోలుంటే ఆర్నెల్లలో మూడున్నర కిలోలు. ఆ మాత్రానికే షుగర్, బీపీ మీద మంచి ప్రభావం కనిపిస్తుంది. నడుము 80 సెంటీమీటర్లు దాటిందేమో టేపుతో చూసుకో. కాటా నెలకోసారి చాలు. కుర్చీలోంచి లేచే లెక్క మాత్రం వారం వారం రాసుకో.

వెంటనే ఆసుపత్రికి ఫోన్ చెయ్యవలసినవి: రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరగడం, రెండు కాళ్లూ వాయడం, పడుకుంటే ఆయాసం రావడం. ఇవి కొవ్వు కాదు, నీరు. కొన్ని మందులు గుండెను అలసటపెడతాయి. ఒక్క కాలే వాచి నొస్తే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. కీమో నడిచే రోజుల్లో జ్వరం 100.4 దాటితే తెల్లారేదాకా ఆగొద్దు.