‘వద్దండీ’ అనడమూ నేర్పుదాం

కాలికి కట్టుతోనో, పుట్టుకతో వచ్చిన వైకల్యంతోనో మన పిల్లలు సిటీ బస్సు ఎక్కుతుంటే మన ప్రాణం కొట్టుకుంటుంది. ఎవరో ఒకరు చెయ్యి అందిస్తే హమ్మయ్య అనుకుంటాం. ఆ చేతిని పిల్లలు విదిలించుకుంటే మాత్రం నలుగురిలో తలకొట్టేసినట్టవుతుంది. ‘‘అంకుల్ సాయం చేస్తుంటే ఏంటా విసురు?’’ అని కసురుతాం. అది సహజమే. కానీ ఆ క్షణంలో పిల్లల లోపల ఏం జరుగుతోందో కాస్త చూద్దాం.

చంకకర్రలతో మెట్లెక్కడానికి ఫిజియోథెరపిస్టు నేర్పే వరుస ఒకటుంది. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, ఆ తర్వాతే కర్రలూ దెబ్బతిన్న కాలూ. దిగేటప్పుడు కర్రలూ దెబ్బతిన్న కాలూ ముందు. పిల్లల ధ్యాసంతా ఆ వరుస మీదే ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఎవరో రెక్క పట్టి లాగితే బరువు ఒక పక్కకు ఒరిగి పడిపోవచ్చు. చూపు లేని పిల్లల్ని వెనకనుంచి తోసినా ఇదే ప్రమాదం.

దానికితోడు బస్సంతా తమనే చూస్తోందన్న బిడియం. ‘‘అయ్యో పాపం, ఏమైందమ్మా?’’ అని పక్క సీటు పెద్దావిడ అడుగుతుంది. జవాబు మనం చెప్పేస్తాం. తమ ఒంటి గురించి తాము తప్ప అందరూ మాట్లాడుతున్నారని పిల్లలకు ఎంత ఉక్రోషంగా ఉంటుందో! ఆ విసురు పుట్టేది అక్కడే.

అలాగని, సాయానికి వచ్చిన మనిషిని నొప్పించడమూ సరికాదు. అందుకే మర్యాదగా వద్దనే మాటలు ఇంట్లోనే అలవాటు చేద్దాం. ‘‘వద్దండీ, నేను ఎక్కగలను, థాంక్సండీ’’ అంటే చాలు. నిజంగా కావలసింది అడగడమూ నేర్పుదాం: ‘‘ఈ బ్యాగు కాస్త పట్టుకుంటారా?’’, ‘‘మీ మోచెయ్యి నేనే పట్టుకుంటానండీ’’, ‘‘కండక్టర్ గారూ, నేను కూర్చున్నాక రైట్ చెప్పండి’’. వద్దన్నా ఎవరైనా ఒంటిమీద చెయ్యి తీయకపోతే, గట్టిగా అరిచినా తప్పులేదని ఆడపిల్లలకూ మగపిల్లలకూ ముందే చెప్పి ఉంచుదాం.

ఇంకో మాట, కాస్త కష్టంగానే ఉంటుంది. సొంతంగా ఎక్కే పిల్లలు ఎప్పుడో ఒకసారి తూలవచ్చు, పడనూవచ్చు. ఆ భయంతో ప్రతి మెట్టూ మనమే ఎక్కించలేం. చేయగలిగింది ఉంది: కిక్కిరిసిన బస్సు వదిలేద్దాం, పూర్తిగా ఆగాకే ఎక్కమందాం. వికలాంగుల సీటులో వేరెవరైనా కూర్చుంటే, మొహమాటపడకుండా అడగమందాం. అది ఎవరో దయతలచి ఇచ్చే సీటు కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గౌరవంగా బతకడాన్ని కూడా హక్కుల్లోనే చేర్చింది.

మన ప్రేమలో లోటేమీ లేదు, తొందరే కాస్త ఎక్కువ. ఈసారి ఎవరైనా చెయ్యి అందించినప్పుడు మనం నోరు తెరవకుండా ఉందాం. కావాలో వద్దో పిల్లలనే చెప్పనిద్దాం.