కొంత బస్సు, కొంత బాడుగ కారు: తుమ్మలపల్లె నుంచి సీమను చూడటం ఎలా?

తుమ్మలపల్లెకు చుట్టాల ఇంటికో, పనిమీదో వచ్చినవాళ్లకు రెండు రోజులు తీరిక దొరికిందంటే మొదట వచ్చే ప్రశ్న ఇదే: "గండికోట చూడాల, బెలుం గుహలు చూడాల. సొంత బండి లేదు, ఎట్లా పోవాల?" హాయిగా పోవచ్చు. పెద్ద ఊళ్ల మధ్య ఆర్టీసీ బస్సు ఎక్కండి. అక్కడి నుంచి చూడాల్సిన చోటికి ఆటోనో కారో బాడుగకు మాట్లాడుకోండి. ఇలా చేస్తే డబ్బు మిగులుతుంది, మిట్టమధ్యాహ్నం స్టేజీ కాడ పడిగాపులూ తప్పుతాయి.

ముందు దారులు తెలుసుకోండి. తుమ్మలపల్లె కడప జిల్లా వేముల మండలంలో ఉంది. దగ్గరి పెద్ద బస్టాండు పులివెందుల. కడప సుమారు 70 కిలోమీటర్లు, వేంపల్లె మీదుగా దారి. జమ్మలమడుగు వైపు పోవాలంటే ముద్దనూరు మీదుగా వెళ్లాలి. ముద్దనూరులో రైల్వే స్టేషను కూడా ఉంది, ముంబయి–చెన్నై లైను మీద. కానీ అన్ని రైళ్లూ అక్కడ ఆగవు. దూరప్రయాణానికి ఎర్రగుంట్లో కడపో మేలు.

తిరుగు బస్సు సంగతే ముందు

కొత్తవాళ్లు పోయే బస్సు గురించి పదిమందిని అడుగుతారు, వచ్చే బస్సు గురించి ఒక్కరినీ అడగరు. పల్లె దారుల్లో చిక్కంతా అక్కడే. సాయంత్రం పల్లెకు పోయే చివరి బస్సు చాలాచోట్ల నైట్ హాల్ట్ బస్సు. డ్రైవరు, కండక్టరు రాత్రికి ఆ ఊళ్లోనే పడుకుని తెల్లవారుజామున బస్సు తీస్తారు. ఊళ్లోకి బస్సు వచ్చింది కదా, ఇదే తిరిగి పోతుందిలే అనుకుంటే రాత్రంతా అక్కడే. అందుకే బస్టాండు ఎంక్వైరీలో ఒకసారి, బస్సెక్కాక కండక్టరును ఇంకోసారి అడగండి: "అన్నా, తిరుగు బస్సు లాస్టుది ఎన్నిగంటలకు?" ఇద్దరూ ఒకే సమయం చెబితేనే నమ్మండి. ఆర్టీసీ లైవ్ ట్రాక్ యాప్ పెద్ద రూట్లలో పనికొస్తుంది. పల్లె రూట్లలో మాత్రం కండక్టరు మాటే ప్రమాణం.

బస్సుల రకాలూ తెలియాలి. పల్లెవెలుగు చెయ్యెత్తితే ఆగుతుంది, అడిగిన స్టేజీలో దించుతుంది. ఎక్స్‌ప్రెస్ పెద్ద స్టేజీల్లోనే ఆగుతుంది, కాబట్టి మీ ఊరి దగ్గర ఆగుతుందో లేదో ఎక్కకముందే అడగాలి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద ఈ రెండు రకాల బస్సుల్లోనూ ఆంధ్రప్రదేశ్ మహిళలకు, ఆడపిల్లలకు, ట్రాన్స్‌జెండర్లకు ప్రయాణం ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. ఉచితమే కదా అని టికెట్ తీసుకోకుండా కూర్చోవద్దు. సూపర్ లగ్జరీ లాంటి పై తరగతి బస్సులకు ఈ పథకం లేదు. మగవాళ్లు చిల్లర దగ్గర పెట్టుకోండి. పొద్దున్నే బస్సులో ఐదువందల నోటు ఇస్తే కండక్టరుకూ ఇబ్బంది, మీకూ ఇబ్బంది.

మొదటి ప్రయాణంగా కడప పెట్టుకోమంటాను. దానికి కారే అక్కర్లేదు. ఉదయం కడప చేరి, ఆటోలో దేవుని కడప ఆలయం, పెద్ద దర్గా చూసుకుని, తిరుపతి రోడ్డులో 25 కిలోమీటర్ల దూరంలోని ఒంటిమిట్ట రామాలయానికి బస్సెక్కండి. పెద్ద రోడ్డు కాబట్టి రాకపోకలకు లోటుండదు. ఈ రోజు సాఫీగా గడిస్తే మిగతావాటికి ధైర్యం వస్తుంది.

కారు మాట్లాడుకునేటప్పుడు

గండికోట, బెలుం ఒకే రోజు చూడాలంటే మాత్రం కారే. కొన్ని చోట్ల అద్దె కారంటే తాళాలిస్తారు, తోలుకోవడం మన పని. ఇక్కడ కారుతోపాటు డ్రైవరూ వస్తాడు, నలుగురుంటే ఖర్చు పంచుకోవచ్చు. కొత్తవాళ్లకు ఇదే మంచిదని నా గట్టి అభిప్రాయం. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు లారీలు, కొలిమిగుండ్ల వైపు నాపరాళ్ల లారీలు రాత్రీపగలూ తిరుగుతాయి. ఆ దారి అలవాటున్న మనిషి చేతిలో స్టీరింగు ఉండటమే క్షేమం.

బండి ఎక్కేముందు నంబరు ప్లేటు చూడండి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే ట్యాక్సీ. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే మనమే తోలుకునే అద్దె బండి. తెల్ల ప్లేటు సొంత బండిది. బాడుగ తక్కువని దాన్ని మాట్లాడుకుంటే, ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర చిక్కులొస్తాయి. తర్వాత బాడుగ మాట: కిలోమీటరుకు ఎంత, రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్లకు లెక్క కడతారు, డ్రైవరు బత్తా ఎంత, టోలు, పార్కింగు ఎవరివి, కిలోమీటర్లు మీ ఇంటి నుంచి లెక్కా, వాళ్ల షెడ్డు నుంచా? ఈ చివరి ప్రశ్న అడగని చోటే సాయంత్రం గొడవలు. బయలుదేరేటప్పుడు డ్రైవరు ముందే మీటరు ఫొటో తీసుకోండి, ఆయనేమీ అనుకోడు.

దారి ఇలా పెట్టుకోండి. తెల్లారేలోపు బయలుదేరి ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా గండికోట. జమ్మలమడుగు నుంచి కోట 15 కిలోమీటర్లు. ఎండ ముదరకముందే ఎర్రమల కొండల నడుమ పెన్నా చీల్చుకుపోయిన లోయను చూడండి. అంచు బండల మీద పిల్లల చెయ్యి వదలొద్దు. మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం తీరిగ్గా చూడండి. 1652లో ఫ్రాన్సు వజ్రాల వ్యాపారి టావెర్నియే ఈ కోటకే వచ్చి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిశాడు. తన దేశం వాడే ఒకడు ఇక్కడ ఫిరంగులు పోతపోస్తుండటం చూసి రాసిపెట్టాడు. ఆ సంగతి తెలిసి చూస్తే కోట ఇంకా పెద్దగా కనిపిస్తుంది.

మధ్యాహ్నానికి కొలిమిగుండ్ల మండలంలోని బెలుం చేరండి. 2022 జిల్లాల విభజన తర్వాత ఇది నంద్యాల జిల్లా, పాత పుస్తకాల్లో కర్నూలు అని ఉంటుంది. గుహల పొడవు 3,229 మీటర్లు, చూడనిచ్చేది సుమారు కిలోమీటరున్నర. లోపల ఉక్కపోత ఎక్కువ. నీళ్లు తీసుకెళ్లండి. ఆయాసం, గుండెజబ్బు ఉన్నవాళ్లను బలవంతపెట్టొద్దు. తిరుగు దారి 30 కిలోమీటర్ల దూరంలోని తాడిపత్రి మీదుగా. చీకటి పడకముందే పులివెందుల వైపు మళ్లితే చీనీ, అరటి తోటలు కనబడుతుండగానే ఇల్లు చేరొచ్చు. సూర్యాస్తమయం కూడా గండికోటలోనే చూడాలనుంటే బెలుంను మరునాటికి మార్చుకుని, కోట దగ్గరి పర్యాటక శాఖ హోటల్లో గది ముందే తీసుకోండి.

కారు బాడుగ భారమైతే జమ్మలమడుగు దాకా బస్సులో పోయి, అక్కడ కోటకు ఆటో మాట్లాడుకోండి. ఆటో అక్కడే ఆగి తిరిగి తీసుకొచ్చేట్టు, వెయిటింగుతో కలిపి ఒకే ధర ఒప్పుకోండి. డబ్బు సగం ముందు, సగం తిరిగొచ్చాక.

తుమ్మలపల్లెలోనే ఒక జాగ్రత్త. ఇక్కడి యురేనియం గనిలోకి, శుద్ధి కర్మాగారంలోకి అనుమతి లేనిదే పోకూడదు. గేటు దగ్గర, కంచె దగ్గర ఫొటోలు తీయొద్దు. చుట్టుపక్కల పల్లెల రైతులు బోరునీళ్ల గురించి, పంటల గురించి చెప్పుకునే బాధలుంటాయి. వాళ్లు చెబితే ఓపికగా వినండి, వాళ్ల తోటల్లోకి పోయేముందు అడగండి.

ఎండాకాలంలో ఈ ప్రయాణాలేవీ పెట్టుకోవద్దు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. పండగల రోజుల్లో బస్సులు కిటకిటలాడతాయి, కార్లు దొరకవు. సంక్రాంతికి వచ్చేవాళ్లు కారును వారం ముందే చెప్పి పెట్టుకోవాలి.